ఆమెది ఆసిడు, నాది అమీను

పోయిన సోమవారం మధ్యాహ్నం మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిన కాసేపటికి కిటికీ పక్క స్టాండులో ఉన్న టెస్ట్‌ట్యూబు మెల్లగా తెల్లబడింది. అప్పటిదాకా నీళ్ళలా ఉన్నది కాస్తా పాలలా అయింది. ప్రాక్టికల్స్ చేస్తున్న పిల్లలందరూ పిపెట్లు పక్కన పెట్టి నా మొహం చూశారు.

"ఏంది? చేతులు ఆగినయేంది?" అన్నాను.

"తెల్లగైంది మేడం," అంది ముందు బల్ల దగ్గరున్న పిల్ల. "తెల్లగైతే మేడం మమ్ముల బయటికి పంపుతుండె."

మేడం అంటే నేను కాదు, ఆమె. ఆ ట్యూబు ఆమెదే. మూతి కరిగించి మూసేసి, ఎన్నో ఏళ్ళ కింద అక్కడ నిలబెట్టింది. ల్యాబులో వేడి ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలు దాటితే అది తెల్లబడుతుంది. తెల్లబడితే పని బంద్. అందరూ వరండాలోకి పోయి, మంచినీళ్ళు తాగి, కాసేపు ముచ్చట్లు చెప్పుకుని రావాలి. అది ఆమె పెట్టిన చట్టం.

"ఎవ్వరు ఎటు పోయేది లేదు. పని చూసుకోండ్రి," అన్నాను.

పాపం, చెమటలు తుడుచుకుంటూ చేశారు. నాకు కొంచెం తృప్తిగానే ఉంది. ఆమె పోయి నెల దాటింది. ఇంకా ఆ గదిలో ఆమె మాటే చెల్లుతుందంటే ఒళ్ళు మండదా?

ఆమెను చూస్తే నాకు ఎన్నడూ ఓర్వబుద్ధి కాలేదు. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. బతికున్నప్పుడు ఒకటి, చనిపోయాక ఒకటి చెప్పడం నా వల్ల కాదు. మంచి మాటలు చెప్పడానికి మెదక్‌లో సగం ఊరుంది. నేను చెప్పేది మిగిలిన సంగతి.

మాది ఒకే కాలేజీ, ఒకే సబ్జెక్టు. ఇద్దరం ఒకే గైడు దగ్గర, ఒకే ఏడు పీహెచ్‌డీకి చేరాం. ఆమెది మెదకే. పెద్ద చర్చి వెనక వీధుల్లో పుట్టి పెరిగింది, పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. నాది చేగుంట. ఎరువుల దుకాణం నడిపే మనిషిని చేసుకుని మెదక్ వచ్చాను. వయసులో నాకంటే కొన్ని నెలలే చిన్న. అయినా పరిచయమైన మొదటి రోజే "అక్కా" అంది. ఇక ఆ పిలుపు మారలేదు. పదిమందిలో "అక్కా, అక్కా" అని పిలుస్తుంటే, కొత్తగా చేరిన లెక్చరర్లు నన్ను చూసి ఎంతో పెద్దదాన్ననుకుని లేచి నిలబడేవాళ్ళు.

మేం పనిచేసింది మైక్రోజెల్స్ మీద. అంటే కంటికి ఆననంత చిన్న పాలిమర్ పూసలు. చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళు తాగి, నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి ఉంటాయి. ఒక వేడి దాటగానే తాగిన నీళ్ళన్నీ కక్కేసి ముడుచుకుంటాయి. అప్పుడే ట్యూబు తెల్లబడుతుంది. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం మనం అనుకున్న చోట జరిగితే వాటిలో మందు పెట్టి ఒంట్లోకి పంపొచ్చని పెద్ద పెద్ద వాళ్ళ ఆశ. ఎప్పుడు ముడుచుకోవాలో తేల్చేది మాత్రం ఆ పాలిమర్ గొలుసుకు పక్కన వేలాడే చిన్న ముక్కలు. వాటినే ఇంటర్లో, తెలుగు మీడియంలో, ప్రమేయ సమూహాలు అని బట్టీ పట్టాను. గొలుసు ఒకటే. దానికి ఆసిడు ముక్క తగిలిస్తే ఒక గుణం, అమీను ముక్క తగిలిస్తే ఇంకో గుణం. ఆసిడు ముక్కలు మామూలు నీళ్ళలో మైనస్ అవుతాయి, అమీను ముక్కలు ప్లస్ అవుతాయి. అన్నీ మైనస్సులే అయినా, అన్నీ ప్లస్సులే అయినా ఒకదాన్ని ఒకటి దూరం నెట్టుకుంటాయి. అందుకని ఆ పూసలు ఎంత వేడి చేసినా ఓ పట్టాన ముడుచుకోవు.

హైదరాబాదులో మా గైడు, ఆయన్ను సార్ అనే అంటాను, మొదటి రోజే పని పంచేశారు. "నువ్వు ఆసిడ్ గ్రూపు చెయ్యమ్మా" అని ఆమెకు, "నువ్వు అమీన్ గ్రూపు చెయ్యమ్మా" అని నాకు. మా ఇద్దరిలో ఎవరు ఏది అడగాలో ఆలోచించుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆమె ఆసిడు పూసలు మొదటిసారికే కుదిరాయి. మొదటిసారికే! సార్ ట్యూబును వెలుతురుకు పట్టి చూసి, "చేతి మహిమ" అన్నారు. నా కడుపులో మంట రాజుకున్నది ఆ రోజే.

వారంలో రెండు రోజులు మెదక్ బస్టాండులో పొద్దున బస్సెక్కి ల్యాబుకు పోయేవాళ్ళం. కిటికీ సీటు ఎప్పుడూ ఆమెకే. "నాకు గాలి కావాలె అక్కా" అని ముందే చున్నీ వేసి పెట్టుకునేది. చేతిసంచి పక్క జేబులో రుమాలుతో చుట్టిన ట్యూబులు రెండు ఉండేవి. ఒకటి ఏ ముక్కా తగిలించని సాదా జెల్, ఇంకోటి ఆసిడుది. నర్సాపూర్ అడవి దాటి ఎండ కిటికీలోకి వచ్చేసరికి సాదాది తెల్లబడేది, ఆసిడుది అలాగే ఉండేది. రెంటినీ పైకెత్తి కండక్టరును పిలిచేది.

"అన్నా, సూడు. ఎండ ఎక్కింది."

"ఒకటి తెల్లగైంది, ఇంకోటి కాకపాయె. ఏంది మేడం, నకిలీదా?"

"నకిలీ గాదు అన్నా. దారం ఒక్కటే. కొసకు ఏం తగిలిందో సూడాలె."

ఆ కండక్టరు రిటైరయ్యేదాకా ఆ మాటే అనేవాడు. బస్సులో గొడవ పడే ప్రతివాడినీ "కొసకు ఏం తగిలిందో పాపం" అని వదిలేసేవాడు. అన్నేళ్ళు అదే బస్సెక్కిన నాతో "టికెట్" తప్ప ఇంకో మాట అన్నవాడు కాదు.

అది ఆమె ఊతపదం. ప్రిన్సిపాల్ కేకలేస్తే, "మంచోడే అక్కా. ఈయాల కొసకు ఏదో తగిలింది." ఎవరి అత్త గయ్యాళిదైనా, ఎవరి మొగుడు ఉలకని పలకని వాడైనా ఇదే మాట. నాకు చిర్రెత్తుకొచ్చి ఒకసారి, "మరి నా కొసకు ఏం తగిలింది?" అని అడిగాను. ఆమె నా వైపు తేరిపార చూసి, రెండు చేతులూ చప్పట్లలా కొట్టి నవ్వింది. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు కోపమే.

నవ్వితే అలా చప్పట్లు కొట్టి నవ్వడం అలవాటు. ఇంకో అలవాటు, ఏది తట్టినా ఎడమ అరచేతిలో పెన్నుతో గీసుకోవడం. బెంజీను వలయాలు, ప్లస్సులు, మైనస్సులు. ఆ చేత్తోనే పిల్లలకు టిఫిను పంచేది, ఆ చేత్తోనే చర్చిలో పాటల పుస్తకం పట్టుకునేది. "చెయ్యి కడుక్కుంటే నా మూడో చాప్టర్ పోయింది అక్కా" అని ఒకసారి పకపకా నవ్వింది. నా చాప్టరు ఒక్క పేరా పోతే నేను అన్నం మానేసేదాన్ని.

మా ఆయన కూడా ఆమె పక్షమే. పూలమొక్కలకు ఎరువు కావాలని ఒకసారి దుకాణానికి వచ్చిందట. ఆ రోజు అన్నానికి కూర్చుంటూ, "ఎంత కలుపుగోలుది! దుకాణంల హమాలీల పేర్లు గూడ అడిగి పోయింది. నువ్వు జర గట్లుండరాదా?" అన్నాడు. ఆ పూట చారులో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు.

ఇక సీసా సంగతి చెప్పాలి. సార్ ల్యాబులో ఒక పాత గాజు సీసా ఉండేది. అందులో పర్‌సల్ఫేట్ అనే తెల్లటి ఉప్పు. పూసలు తయారుకావాలంటే ముందు రాజేసేది అదే. అది పడితేనే గొలుసులు పుట్టడం మొదలవుతుంది. సీనియర్లందరూ మొదటి బ్యాచ్ ఆ సీసాతోనే చేశారు, అందరికీ డాక్టరేట్లు వచ్చాయి. దాంతో అది లక్కీ సీసా అయిపోయింది. ఉప్పు అయిపోతే కొత్త ప్యాకెట్టు తెచ్చి అందులోనే నింపేవారు కానీ సీసాను మార్చేవారు కాదు. దసరాకు ఆయుధపూజ నాడు తూకం యంత్రంతో పాటు దానికీ పసుపు, కుంకుమ, పూలు. కొత్తగా చేరినవాళ్ళు దానికి దండం పెట్టుకుని మూత తీయాలి. నేను దండం పెట్టుకున్నాను. ఆమె బొట్టు పెట్టని మనిషి, అయినా సీసాను కళ్ళకద్దుకుని, "నాకు గూడ జర సాయం జెయ్యి" అంది. అందరూ నవ్వారు.

నా అమీను బ్యాచులు ఒక్కటీ నిలవలేదు. వేడెక్కుతాయి, పూసలు పుడుతున్నాయనిపిస్తుంది, అంతలోనే విరిగిన పాలలా ముద్దలు కట్టి గరిటెకు చుట్టుకుంటాయి. కడిగి మళ్ళీ మొదలు. నీళ్ళు బాగా లేవన్నారు, నీళ్ళు మార్చాను. కరెంటు హెచ్చుతగ్గులన్నారు, కొత్త స్టెబిలైజరు పెట్టించాను. చివరికి ల్యాబు అటెండరు, "ఏమనుకోకుండ్రి మేడం, మీ చెయ్యి మంచిగ లేనట్టుంది" అన్నాడు. నేను లక్కీ సీసాకు ఇంకో కుంకుమ బొట్టు పెట్టి, తలుపు దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాను. ఆ బ్యాచూ విరిగింది. అన్నీ మార్చాను కానీ ఆ సీసాను మార్చాలని నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. దేవుడి పటాన్ని అనుమానించినట్టు ఉంటుంది కదా!

సార్ నన్ను పిలిచి, వచ్చే రివ్యూకి ఏమీ చూపించలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుందని మెల్లగా చెప్పారు. ఆయన అంత మెల్లగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో వానపడుతోంది. నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడుస్తున్నాను. ఆ రోజు కిటికీ సీటు తనే నాకిచ్చింది. పక్కన కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ ఒలుచుకుంటోంది.

"అక్కా, నీ అమీను నీళ్ళల్ల ప్లస్సు గద?"

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"మరి ఆ సీసల ఉప్పు? దాంతోని మొదలైన ప్రతి దారం కొసకు మైనస్సే ఉంటది గద? పూస పుడుతుండంగనే ప్లస్సు మైనస్సు అంటుకుంటె గడ్డ కట్టక ఏం జేస్తది? నా ఆసిడు మైనస్సే గాబట్టి ఆ సీస నాకు ఒప్పింది. నీకు ఒప్పది. నువ్వు దాన్ని ఇడిసిపెట్టు. ప్లస్సు కొసలిచ్చేది ఇంకోటి దొరుకుతది, గది ఎయ్యి."

అంతే. చెప్పి, పొట్టు చున్నీలోకి దులుపుకుంది. నాకు వానచప్పుడు కూడా వినిపించలేదు. డిగ్రీ పిల్లకు తట్టాల్సిన సంగతి అది. ఎన్ని నెలలుగా నేను ప్లస్సు తెచ్చి మైనస్సులో పోస్తున్నాను!

"ఎప్పట్నుంచి తెల్సు నీకు?" అన్నాను. గొంతులో కోపం దాగలేదు.

"ఇప్పుడే తట్టింది. పల్లికాయ తినుకుంట."

అదీ నేను భరించలేనిది. నా కోసం వారాల తరబడి ఆలోచించానని చెప్పి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. పల్లికాయ తింటూ తట్టిందట! ఒలిచిన గింజలు నా చేతిలో పోసింది. తిన్నాను. ఏం చేస్తాను మరి?

ప్లస్సు కొసలిచ్చే కొత్త మందుతో పూసలు మొదటిసారికే నిలిచాయి. ముద్ద లేదు, గడ్డ లేదు, నీలంగా మెరిసే పలచటి పాలు. సార్ వచ్చి భుజం తట్టారు. ఆమె చెప్పిందని నేనే చెప్పాను, ఎంతైనా అబద్ధమాడే మనిషిని కాను. సార్ మొహం వెలిగిపోయింది. "తనకు అట్లనే తడుతదమ్మా" అన్నారు, నా ట్యూబు చేత్తో పట్టుకునే, ఆమె బల్ల వైపు చూస్తూ. నా ట్యూబు, ఆమె పొగడ్త. ఆ తరవాత దసరాకు కూడా సీసాకు కుంకుమ పెట్టారు.

ఇద్దరికీ డాక్టరేట్లు వచ్చాయి. ఉద్యోగాలు పర్మనెంటయ్యాయి. పక్కపక్క కుర్చీల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నాం. అన్నేళ్ళలో నాకున్న కోరిక ఒక్కటే. ఆమె ఒక్కసారి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఇది నాకు తెలుస్తలేదు, చెప్పు" అనాలి. కెమిస్ట్రీలో ఒక్క ముక్క, ఎంత చిన్నదైనా సరే. చింతకాయ పచ్చడి ఎలా పెట్టాలో అడిగేది. చీర ఎక్కడ కొన్నావనేది. మా అత్తమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని వారం వారం అడిగేది. సబ్జెక్టు మాత్రం అడగలేదు. నేను ఎర కూడా వేశాను. కష్టమైన పేపరొకటి ప్రింటు తీసి ఆమెకు కనిపించేలా బల్ల మీద పెట్టి, "అబ్బ, కొరుకుడు పడుతలేదు" అనేదాన్ని. ఆమె నిలబడే పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మంచిగుంది గదక్కా ఇది" అని టీ తాగడానికి పోయేది. పేపరు నాకే మిగిలేది.

పోయిన దీపావళి తరవాత ఆమె చిక్కిపోవడం మొదలైంది. హైదరాబాదు దవాఖానాల చుట్టూ తిరిగారు. సంక్రాంతి వెళ్ళాక ఇంటికి తీసుకొచ్చేశారు. ఇంటికి ఎందుకు తీసుకొచ్చారో ఎవరూ పైకి అనలేదు.

నేను చూడటానికి పోయిన ప్రతిసారీ గుమ్మం ముందు చెప్పుల కుప్ప ఉండేది. చర్చి ఆడవాళ్ళు మెల్లగా పాడుతుండేవాళ్ళు. పిల్లలు కొబ్బరిబోండాలు తెచ్చేవాళ్ళు. ఆ రిటైరైన కండక్టరు కూడా ఒకరోజు వచ్చి మూలన కూర్చున్నాడు. నేను పడుకుంటే మా ఇంటి ముందు ఎన్ని చెప్పులుంటాయని లెక్కేసుకున్నాను. మంచంలో ఉన్న మనిషిని చూసి కూడా కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని నేను.

ఒక ఆదివారం పొద్దున వాళ్ళాయన ఫోన్ చేశాడు. "మేడం, ఇంట్ల అందరం చర్చికి పోవాలె. ఆమె కాడ జర సేపు కూసుంటరా?" పోయాను. మొదటిసారి గుమ్మం ముందు చెప్పులు లేవు. ముందు గదిలో దివాను మీద, శాలువా కప్పుకుని ఉంది. బత్తాయి ఒలిచి పెట్టాను, ఒక్క తొన తిన్నది. దూరంగా గంట మోగింది.

"అక్కా, ఒకటి అడుగుత. నవ్వొద్దు."

"అడుగు."

"నా ఆసిడు, నీ అమీను, రెండు ఒక్క పూసకే తగిలిస్తె ఏమైతది? మొన్నటిసంది సోంచాయిస్తున్న. తెగుతలేదు."

నాకు తెలుసు! సరిగ్గా ఆ సంగతే ఆ చలికాలం ఒక పిల్లవాడి ప్రాజెక్టు కోసం చదివి ఉన్నాను. పక్కనున్న న్యూస్‌పేపరు అంచు మీద పూస గీశాను. దానికి ఒక పక్క ఆసిడు ముక్కలు, ఇంకో పక్క అమీను ముక్కలు. నీళ్ళు పుల్లగా ఉంటే అమీనులు మాత్రమే ప్లస్ అవుతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పూస ఉబ్బుతుంది. నీళ్ళు సబ్బునీళ్ళలా ఉంటే ఆసిడులు మాత్రమే మైనస్ అవుతాయి, అప్పుడూ ఉబ్బుతుంది. నడిమధ్యన ఉంటే రెండూ మేల్కొంటాయి. ప్లస్సు మైనస్సును పట్టుకుంటుంది, పూస ముడుచుకుపోతుంది. అయస్కాంతాల్లాగ అని కూడా చెప్పాను.

"మరి లోపలున్న నీళ్ళు ఎటు పోతయి?" అంది.

"బయటికి. పిండినట్టు."

"వేడి గూడ జేస్తె?"

దానికీ చెప్పాను. ఎంత మంచి ప్రశ్నలు అడిగిందనుకున్నారు! ఒక్కొక్క ప్రశ్నకూ నాకు ఇంకా చెప్పాలనిపించింది. మందు వేళ దాటిపోయిందని కూడా చూసుకోలేదు. "గిదా సంగతి! నాకు తట్టనే లేదు సూడు" అని కళ్ళు మూసుకుని నవ్వింది. చప్పట్లు కొట్టే ఓపిక లేదు. వాళ్ళాయన వచ్చి చూసేసరికి నేనూ నవ్వుతున్నాను. "అక్క పాఠం చెప్పింది" అంది ఆమె.

ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకే తెలియదు. మా ఆయన గేటు దగ్గరే అడిగాడు, "ఎట్లుంది ఆమెకు?" అని.

"నన్ను అడిగింది," అన్నాను.

"ఏంది?"

"తెలుస్తలేదని నన్ను అడిగింది!"

"మనిషి ఎట్లుందే అంటే ఏం చెప్తున్నవే నువ్వు!" అని నా మొహం వింతగా చూశాడు.

ఫిబ్రవరిలో పోయింది. సమాధుల తోటలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆమె ఫీజు మాఫీ చేయించిన పిల్లలు, ఆమె దగ్గర పాట నేర్చుకున్న ఆడవాళ్ళు, పుస్తకాలిప్పించుకున్నవాళ్ళు, ఉద్యోగం ఇప్పించుకున్నవాళ్ళు. అందరికీ ఆమె ఏదో ఒకటి ఇచ్చిందని ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇంత జనంలో ఆమెకు ఇచ్చినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. పిడికెడు మట్టి వేసి, తల ఎత్తుకునే తిరిగి వచ్చాను.

ఆమె ఎమ్మెస్సీ ఫైనలియర్ క్లాసు నాకిచ్చారు. మొన్న గురువారం పాలిమర్స్ చాప్టరు మొదలుపెట్టాను. వరసలో ఎక్కడో చివర రావలసిన సంగతి, నేనే ఆగలేక ముందుకు లాక్కొచ్చాను. బోర్డు మీద పూస గీశాను. ఒక పక్క ఆసిడు, ఒక పక్క అమీను.

"ఇది మస్తు కష్టమైన పాయింటు," అన్నాను. "మీ మేడం అంతటి మనిషి గూడ ఇది నన్ను అడిగి తెలుసుకుంది. ఎవరన్న చెప్పగలరా, ఏమైతదో?"

నిజాంపేట నుంచి వచ్చే పిల్ల ఒకతి, ముందు బెంచీలో కూర్చుంటుంది, నా మాట పూర్తికాకముందే లేచింది. మొహం అంతా సంబరం.

"పెండ్లి ఇల్లు మేడం! పిల్ల తరపోళ్ళు ఒక్కళ్ళే వస్తె, వాళ్ళల్ల వాళ్ళు అలిగి దూరం దూరం కూసుంటరు. హాలంత నిండిపోతది. పిలగాని తరపోళ్ళు ఒక్కళ్ళే వచ్చినా గంతే. ఇద్దరు వస్తె మాత్రం అలాయి బలాయి తీసుకొని ఒక్కకాడ ముద్దగైతరు, నడుమ నీళ్ళ గ్లాసులు పట్టుకొని తిరిగేటోళ్ళు బయటికి పోతరు. ఉత్త ఆసిడైనా ఉబ్బుతది, ఉత్త అమీనైనా ఉబ్బుతది, రెండు మేల్కొంటె ముడుసుకుంటది. మా మేడం చెప్పిండ్రు!"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పెళ్ళి ఇల్లు అందరికీ యాదికి ఉంది. నా చేతిలో చాక్‌పీసు ఉంది. దాంతో అయస్కాంతం గీయబోతున్నాను.

"ఎప్పుడు చెప్పింది?" అన్నాను.

"దసరా ముంగట మేడం. సెలవులిచ్చే రోజు."

దసరా ముందు. నన్ను అడిగింది సంక్రాంతి వెళ్ళాక.

పక్క పిల్ల మోచేత్తో పొడిచింది. అప్పుడు ఆ పిల్ల నా మొహం చూసింది. ఏం కనిపించిందో, నవ్వు ఆపేసింది. నేను బోర్డు వైపు తిరిగి, గీసిన పూసనే మళ్ళీ దిద్దాను.

"కాని మేడం," అంది మెల్లగా, "గప్పుడు మాకు సెలవుల ధ్యాసుండె. పెండ్లి ముచ్చట పట్టుకున్నంగని లోపలి సంగతి నాకు ఎక్కలే. ప్లస్సు మైనస్సు అసలెందుకు మేల్కొంటయో మీరు మొదట్నుంచి చెప్పుండ్రి."

"అవు మేడం, చెప్పుండ్రి," అన్నారు ఇంకో ఇద్దరు ముగ్గురు, తలలు వంచుకుని.

దానికి ఎక్కకపోవడం ఏంటి? అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడే అప్పజెప్పింది. అయినా పెన్ను తీసి తెల్లకాగితం మీద తారీఖు వేసుకుని నా వైపు చూస్తూ కూర్చుంది.

చెప్పాను. మొదటి నుంచి, అయస్కాంతాలతో సహా, గంట కొట్టేదాకా చెప్పాను. ఆ పిల్ల మధ్యమధ్యలో ప్రశ్నలు అడిగింది. మంచి ప్రశ్నలు.

స్టాఫ్‌రూములోకి వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదివిన పిల్లలు ర్యాంకులు తెచ్చుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఎదుటి మనిషి మొహం చూసి, తెలిసినదాన్ని తెలియదని అనడం మాత్రం నా దగ్గర ఒక్కరూ నేర్చుకోలేదు. నాకు వస్తే కదా నేర్పడానికి! అది కూడా ఆమే నేర్పి పోయింది. నా మీద ఎలా వాడాలో కూడా పిల్లలకు నేర్పి పోయింది.

ఆమె కోసం నేను ఏడ్చింది ఆ రోజే. ఆ ఏడుపులో కూడా సగం కుళ్ళే.